ఫైనాన్స్ వాళ్లు కారు తీసుకెళ్లిపోయారా? విశాఖ వాహనదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈఎంఐలు తప్పితే కారు పోతుందని అందరికీ తెలుసు. పోయాక మనకు ఏ హక్కులు మిగులుతాయో తెలిసినవాళ్లు తక్కువ. కారు యార్డ్‌కి (సీజ్ చేసిన బండ్లు ఉంచే చోటుకి) చేరిన రోజు నుంచి వేలంలో అమ్ముడయ్యే రోజు దాకా ఉన్న కొద్దిపాటి సమయమే మీకు అసలైన సమయం. అప్పుడు ఫోన్లో ఎంత గొడవపడినా ప్రయోజనం ఉండదు, కాగితం మీద పెట్టిందే రేపు లెక్కలోకి వస్తుంది. గాజువాక నుంచి మధురవాడ దాకా ఎక్కువగా వినిపించే ప్రశ్నలే ఇక్కడ తీసుకున్నాం.

రెండే ఈఎంఐలు బాకీ. దానికే కారు తీసుకెళ్లొచ్చా?

మీరు సంతకం పెట్టిన లోన్ అగ్రిమెంట్‌లో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. "మూడు నెలలు దాటేదాకా ముట్టుకోకూడదు" అని చాలామంది ధైర్యం చెబుతుంటారు. అలాంటి చట్టమేమీ లేదు. 90 రోజులు అనేది బ్యాంకు తన పుస్తకాల్లో ఆ లోన్‌ని ఎన్‌పీఏగా (మొండి బాకీగా) రాసుకునే గడువు. తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద ముందుకెళ్లాలంటే ఆ ముద్ర పడాలి. కార్ లోన్లలో మాత్రం చాలాసార్లు అంతదూరం వెళ్లరు, అగ్రిమెంట్‌లో ఉన్న రీపొజెషన్ (బండిని వెనక్కి తీసుకునే) షరతునే వాడుకుంటారు. 2020లో మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో సుప్రీంకోర్టు కూడా, హైర్ పర్చేజ్‌లో (వాయిదాల్లో కట్టి కొనుక్కునే పద్ధతిలో) బాకీ తీరేదాకా బండికి యజమాని ఫైనాన్స్ సంస్థేనని, అగ్రిమెంట్ ప్రకారం దాన్ని వెనక్కి తీసుకోవడం దానికదే నేరం కాదని చెప్పింది.

కాబట్టి ముందు ఆ అగ్రిమెంట్ సంపాదించండి. షోరూమ్‌లో డెలివరీ హడావుడిలో పేజీలు తిప్పి సంతకాలు పెట్టించుకుంటారు, కాపీ అడిగేవాళ్లు అరుదు. కాపీ ఇవ్వాలని ఆర్బీఐ నిబంధనలే చెబుతున్నాయి. ఇప్పుడైనా మెయిల్‌లో అడగండి.

నోటీసు ఏమీ రాలేదు. అయినా ఈ సీజింగ్ చెల్లుతుందా?

మీ చేతిలో ఉన్న గట్టి పాయింట్ ఇదే కావచ్చు. రీపొజెషన్ షరతు పెట్టుకున్న బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ సంస్థలు) అగ్రిమెంట్‌లో కొన్ని విషయాలు స్పష్టంగా రాయాలని ఆర్బీఐ చెప్పింది: తీసుకునే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, ఏ పరిస్థితిలో నోటీసు లేకుండా తీసుకోవచ్చు, ఎలా తీసుకుంటారు, అమ్మేముందు బాకీ కట్టడానికి చివరి అవకాశం ఎలా ఇస్తారు, కడితే బండి ఎలా తిరిగి ఇస్తారు, కట్టకపోతే ఎలా అమ్ముతారు. మీ అగ్రిమెంట్‌లో ఈ భాగం వెతికి చూడండి. అందులో నోటీసు ఇస్తామని రాసి, ఇవ్వకుండా తీసుకెళ్తే అది సేవాలోపమేనని, దానికి నష్టపరిహారం అడగవచ్చని పైన చెప్పిన 2020 తీర్పులోనే ఉంది.

ఒక చిక్కు కూడా ఉంది. లోన్ తీసుకున్నప్పుడు కంచరపాలెంలో ఉండి, తర్వాత పెందుర్తికి ఇల్లు మారి బ్యాంకుకు చెప్పకపోతే నోటీసు పాత చిరునామాకే వెళ్తుంది. "మేం పంపాం, తలుపు తాళం వేసి ఉందని తిరిగొచ్చింది" అని వాళ్లు కవరు చూపిస్తారు. అప్పుడు మీ వాదన పలచబడిపోతుంది.

ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర నలుగురు బైకుల మీద వచ్చి అడ్డం పెట్టి, తాళాలు లాక్కుని తీసుకెళ్లారు. ఇది కూడా చట్టబద్ధమేనా?

కాదు. తీసుకునే హక్కు వేరు, బలప్రయోగం వేరు. ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు 2007లోనే, వసూళ్లకు గూండాలను వాడటాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2011లో సిటీకార్ప్ మారుతి కేసులోనూ, హైర్ పర్చేజ్ బండి అయినా చట్టప్రకారమే తీసుకోవాలి తప్ప బలవంతంగా లాక్కోకూడదని చెప్పింది. 2023లో పట్నా హైకోర్టు, రికవరీ ఏజెంట్లతో బండ్లు లాక్కోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణకు (జీవించే హక్కుకు) విరుద్ధమని చెప్పి, ఆ సంస్థలకు జరిమానా వేసింది.

ఏజెంట్ దగ్గర మూడు కాగితాలు ఉండాలి: గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, మీకు పంపిన నోటీసు కాపీ. ఫలానా ఏజెన్సీ వస్తుందని బ్యాంకు మీకు ముందుగానే చెప్పాలి. 2022 ఆగస్టులో ఆర్బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బాకీ వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదు. బంధువులకు, స్నేహితులకు ఫోన్ చేసి పరువు తీయకూడదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ముందు అరవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

చుట్టుపక్కల షాపుల సీసీటీవీ రికార్డింగ్ ఎక్కువ రోజులు ఉండదు. కెమెరా ఉన్న షాపు ఏదో ఆ రోజే చూసుకుని, ఫుటేజ్ కావాలని ఓనర్‌ని అడగండి. అలాగని ఏజెంట్ల మీద చెయ్యి చేసుకోకండి, కేసు మీ మీదికి తిరుగుతుంది.

"ఇక్కడ సంతకం పెట్టండి సార్, ఫార్మాలిటీ" అన్నారు. పెట్టాను. అదేమిటి?

చాలావరకు అది సరెండర్ లెటర్. "బాకీ కట్టలేక నా ఇష్టపూర్వకంగా వాహనం అప్పగిస్తున్నాను" అని అందులో ఉంటుంది. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన సంతకం ఇదే. రేపు వినియోగదారుల కమిషన్‌లోనో కోర్టులోనో బలవంతం జరిగిందని మీరు చెబితే, వాళ్లు ముందు పెట్టే కాగితం కూడా ఇదే. ఇంకా పెట్టకపోతే పెట్టకండి. తప్పనిసరైతే సంతకం పక్కనే "అభ్యంతరంతో, ఒత్తిడి మీద" అని తెలుగులోనే రాసి తేదీ, సమయం వేయండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే ఇవాళే బ్యాంకుకు మెయిల్ పంపండి: ఏ పరిస్థితిలో పెట్టారు, ఎవరెవరు ఉన్నారు, కాపీ ఇచ్చారా లేదా. నెల తర్వాత రాస్తే ఎవరూ నమ్మరు.

చెన్నై కోర్టు ఆర్డర్ అని చూపించారు. విశాఖలో బండికి చెన్నై కోర్టు ఏమిటి?

అగ్రిమెంట్‌లో వివాదాలు ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి) వెళ్లాలని, దాని వేదిక చెన్నై అనో ముంబై అనో ఉంటుంది. ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షన్ కింద అక్కడి కోర్టు నుంచి ఫైనాన్స్ సంస్థ మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకుని, కోర్టు నియమించిన రిసీవర్ (కోర్టు తరఫున బండిని స్వాధీనం చేసుకునే వ్యక్తి) ద్వారా బండి తీసుకోవచ్చు. అది నిజమైన ఆర్డరే అయితే అడ్డుపడకండి. ఆర్డర్ కాపీ అడిగి తీసుకుని, కేసు నంబరు, కోర్టు పేరు, బండి నంబరు సరిపోయాయో చూడండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబరు కొట్టి చూసుకోవచ్చు.

ఇలాంటి ఆర్డర్ వచ్చిన 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. ఆర్బిట్రేటర్‌ని ఫైనాన్స్ సంస్థ ఏకపక్షంగా తానే నియమించేస్తే అది చెల్లదన్న వాదనకు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆధారం. ఆర్బిట్రేషన్ నోటీసు వస్తే చెత్తబుట్టలో పడేయకండి. జవాబివ్వకపోతే మీరు లేకుండానే అవార్డు (మధ్యవర్తి తీర్పు) వచ్చేస్తుంది. దాన్ని సవాలు చేయడానికి ఉండేది 3 నెలలు, సరైన కారణం చూపిస్తే మరో 30 రోజులు.

కారు పోయిన రోజే ఏం చేయాలి?

ముందు అది నిజంగా ఫైనాన్స్ వాళ్లే తీసుకెళ్లారా అన్నది తేల్చుకోండి. రాత్రి ఇంటి ముందు నుంచి మాయమైతే దొంగతనం కూడా కావచ్చు. బండి తీసుకునే ముందు, తీసుకున్నాక స్థానిక పోలీస్ స్టేషన్‌కి సమాచారం ఇవ్వడం ఏజెన్సీల అలవాటు, కాబట్టి స్టేషన్‌లో అడిగితే తెలుస్తుంది. వాళ్లకూ తెలియదంటే ఆ విషయం కూడా రాసి పెట్టుకోండి.

తర్వాత బ్యాంకు బ్రాంచికి, కస్టమర్ కేర్ మెయిల్‌కి ఒకే ఉత్తరం పంపండి. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"నా లోన్ ఖాతా నంబరు …, వాహనం నంబరు ఏపీ 39 …. ఫలానా తేదీన ఫలానా సమయంలో ఫలానా చోట మీ ఏజెంట్లు ఈ వాహనాన్ని తీసుకున్నారు. నాకు ముందస్తు నోటీసు అందలేదు. వాహనం ఏ యార్డ్‌లో ఉందో, ఇన్వెంటరీ కాపీ, లోన్ ఖాతా స్టేట్‌మెంట్, ఈ రోజుకి కట్టాల్సిన మొత్తం విడివిడిగా తెలియజేయండి. నేను బాకీ కట్టి వాహనం తీసుకోవాలనుకుంటున్నాను. నాకు లిఖితపూర్వకంగా తెలియజేయకుండా వాహనాన్ని అమ్మవద్దని కోరుతున్నాను."

నోటీసు అందితే ఆ వాక్యం తీసేయండి, అబద్ధం రాయకండి. అకనాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్ట్‌లో కూడా ఒకటి పంపి రసీదు దాచండి.

ఇంకో పని చాలామంది మరిచిపోతారు. అద్దం మీద ఉన్న ఫాస్టాగ్ మీ ఖాతాకే లింకై ఉంటుంది. బండిని ఊళ్లు దాటించి యార్డ్‌కి తీసుకెళ్తే టోల్ మీ జేబులోంచే పోతుంది. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించండి. డబ్బు కట్ అయినట్టు ఇప్పటికే మెసేజ్ వచ్చి ఉంటే మాత్రం దాచుకోండి, ఏ రోజు ఏ సమయానికి బండి ఎక్కడుందో చెప్పే సాక్ష్యం అదే.

కారులో నా సామాన్లున్నాయి. ఇస్తారా?

ఇవ్వాలి. లోన్ కారు మీద, అందులోని వస్తువుల మీద కాదు. సింహాద్రి అప్పన్న ఫోటో, పిల్లల స్కూల్ బ్యాగ్, డ్యాష్‌బోర్డ్ అరలోని ఇంటి తాళాలు, ఒరిజినల్ కాగితాలు అన్నీ మీవే. బండి తీసుకునేటప్పుడు ఇన్వెంటరీ షీట్ రాస్తారు. మీరు అక్కడే ఉంటే కిలోమీటర్ రీడింగ్, టైర్ల పరిస్థితి, స్టెప్నీ, జాకీ, మ్యూజిక్ సిస్టమ్, ఉన్న గీతలు, సొట్టలు అందులో పడేలా చూడండి, ఫోన్‌లో ఫోటో తీయండి. కొత్త టైర్లతో వెళ్లిన కారు అరిగిన టైర్లతో వేలానికి వచ్చిందన్న గొడవలు తేలేది ఈ షీట్ దగ్గరే. యార్డ్‌కి వెళ్లి సామాన్లు తెచ్చుకునేటప్పుడు కూడా ఏమేమి తీసుకున్నారో రాయించుకోండి. "అన్నీ అందాయి, ఎలాంటి అభ్యంతరం లేదు" అన్న గీత మీద సంతకం అడిగితే, అందినవి మాత్రమే రాసి మిగతాది కొట్టేయండి.

కారు వెనక్కి రావాలంటే ఎంత కట్టాలి? పాత ఈఎంఐలు కడితే చాలా, లోన్ మొత్తం కట్టాలా?

అగ్రిమెంట్‌ని బట్టి రెండూ జరుగుతాయి. కొందరు బకాయి ఈఎంఐలు, ఛార్జీలు కట్టించుకుని బండి వదిలేసి లోన్ కొనసాగిస్తారు. కొందరు లోన్‌ని రీకాల్ చేశామని, అంటే గడువుకు ముందే వెనక్కి కోరామని, మొత్తం అడుగుతారు. రీకాల్ నోటీసు వచ్చినా బేరం ఆడొచ్చు. అమ్మి నష్టపోయేకంటే ఈఎంఐలు మళ్లీ మొదలవడమే వాళ్లకూ నయం.

లెక్క మాత్రం గీత గీతా చూడండి. ఉదాహరణకి నెలకు 11,400 చొప్పున మూడు ఈఎంఐలు బాకీ అంటే 34,200. దాని కింద చెక్ బౌన్స్ ఛార్జీలు, ఆలస్యపు ఛార్జీలు, సీజింగ్ ఛార్జీ, యార్డ్ పార్కింగ్ అని వరుసగా వస్తాయి. సీజింగ్ ఛార్జీకి ఏజెన్సీ బిల్లు అడగండి. పార్కింగ్ రోజుకు ఎంతో, ఏ తేదీ నుంచో అడగండి. మీరు ఉత్తరం రాశాక వాళ్లు జవాబివ్వకుండా కూర్చున్న రోజుల అద్దె మీ నెత్తిన వేయడం కుదరదని గట్టిగా చెప్పండి. ఆర్బీఐ 2023 ఆగస్టు సర్క్యులర్ ప్రకారం ఆలస్యానికి అదనపు వడ్డీ వేయకూడదు, పీనల్ ఛార్జీగా (జరిమానాగా) మాత్రమే వేయాలి, ఆ ఛార్జీని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ లెక్కగట్టకూడదు. స్టేట్‌మెంట్‌లో అలా కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి.

డబ్బు ఏజెంట్ చేతికి, వాళ్ల సొంత ఫోన్ నంబరుకి ఇవ్వొద్దు. లోన్ ఖాతాలోకే కట్టి రసీదు తీసుకోండి.

వేలం గురించి నాకు చెప్పాలా?

చెప్పాలి. అమ్మేముందు చివరి అవకాశం ఇవ్వాలన్నది ఆర్బీఐ నిబంధనలోనే ఉంది. సర్ఫేసీ చట్టం కింద తీసుకున్న బండి అయితే అమ్మకానికి ముందు 30 రోజుల నోటీసు ఉండాలి. ఎంత విలువ కట్టారో, వాల్యుయేషన్ రిపోర్టు ఎవరిచ్చారో, ఏ ప్లాట్‌ఫామ్ మీద వేలం వేస్తారో అడగండి. అదే మోడల్, అదే సంవత్సరం, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన కార్లకు సెకండ్ హ్యాండ్ సైట్లలో ఎంత ధర ఉందో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మీకు తెలిసినవాళ్లలో ఎక్కువకి కొనేవాళ్లుంటే ఆ ఆఫర్‌ని కూడా రాతపూర్వకంగా పంపండి. తక్కువకి తెగనమ్మారని తర్వాత వాదించాలంటే ఇవే ఆధారాలు.

అమ్మేశారు. ఇంకా లక్షన్నర పైనే కట్టాలంటున్నారు. కారే లేనప్పుడు బాకీ ఏమిటి?

అందరికీ కోపం తెప్పించే ప్రశ్న ఇది. దురదృష్టం ఏమిటంటే, బాకీ కారుతో పాటు పోదు. మిగిలిన లోన్ 4,60,000, ఛార్జీలు 28,000 ఉండి, వేలంలో 3,20,000 వచ్చిందనుకోండి. 1,68,000 ఇంకా మీ పేరు మీదే ఉంటుంది. దాని కోసం వాళ్లు దావా వేయొచ్చు, ఆర్బిట్రేషన్‌కి వెళ్లొచ్చు. అయితే ఆ అంకె రుజువు చేయాల్సింది వాళ్లే. నోటీసు లేకుండా, విలువ కట్టించకుండా అమ్మితే ఆ తేడా మీ నుంచి రాబట్టడం వాళ్లకు కష్టమవుతుంది. వన్ టైమ్ సెటిల్‌మెంట్ (తగ్గించిన మొత్తం కట్టి బాకీ తేల్చుకోవడం) అడిగేటప్పుడు ఈ లోపాలన్నీ మీ బేరానికి బలం.

లెక్క అటు తిరిగి, అమ్మగా వచ్చింది బాకీ కంటే ఎక్కువైతే ఆ మిగులు మీది. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి ఇస్తారని ఎదురుచూడకండి. అమ్మకం వివరాలు, ఖాతా ముగింపు స్టేట్‌మెంట్ అడగండి.

స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్" అని పంపేశారు. ఇప్పుడెలా?

బాకీ ఎంత, వడ్డీ ఎంత అన్నది నిజంగానే సివిల్. అడ్డగించడం, బెదిరించడం, కొట్టడం, ఇంట్లోకి చొరబడటం సివిల్ కాదు. భారతీయ న్యాయ సంహితలో అక్రమంగా అడ్డగించడానికి 126, బెదిరింపుకి 351, చొరబాటుకి 329 సెక్షన్లు ఉన్నాయి. ఫిర్యాదులో ఈఎంఐ గొడవంతా రాయకండి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు అన్నంత వరకే రాయండి. స్టేషన్‌లో తీసుకోకపోతే నగర పోలీస్ కమిషనర్ కార్యాలయానికి స్పీడ్ పోస్ట్‌లో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది. గొడవ జరుగుతున్నప్పుడే అయితే 112కి కాల్ చేయండి, ఆ కాల్ రికార్డు తర్వాత పనికొస్తుంది.

బ్యాంకు మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

ముందు బ్యాంకుకే. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విచారించే అధికారికి) సీఎంఎస్ అనే ఆర్బీఐ ఫిర్యాదుల పోర్టల్‌లో ఆలస్యం చేయకుండా పెట్టండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సందేహాలకు 14448. ఏజెంట్ల ప్రవర్తన, ఛార్జీలు, ఇవ్వని కాగితాల లాంటి వాటికి ఇది బాగా పనిచేస్తుంది. సాక్షులను విచారించాల్సిన గొడవకి అంతగా కాదు.

నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. బ్యాంకు హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా మీరు విశాఖలో ఉంటే ఇక్కడే కేసు వేయొచ్చు. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా అది అడ్డు కాదు. గడువు 2 సంవత్సరాలు. బండి ఇంకా అమ్మకపోతే, అమ్మకుండా ఆపమని మధ్యంతర ఉత్తర్వు కూడా అదే పిటిషన్‌తో అడగాలి. అమ్మేశాక వెళ్తే డబ్బు గురించే మాట్లాడుకోవాలి, కారు గురించి కాదు. సర్ఫేసీ కింద తీసుకుంటే దారి వేరు: 45 రోజుల్లో డీఆర్‌టీకి (రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కి) వెళ్లాలి, విశాఖపట్నంలోనే డీఆర్‌టీ ఉంది. లాయరు ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడగండి, ఫోన్ 15100.

నాది అరకు, ఎయిర్‌పోర్టు ట్రిప్పులు తిప్పే ట్యాక్సీ. కమర్షియల్ బండికి వినియోగదారుల కేసు చెల్లదంటున్నారు?

మీరే నడుపుకుంటూ దాని మీదే బతుకుతుంటే చెల్లుతుంది. స్వయం ఉపాధి కోసం వాడుకునేవారిని చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. ఐదారు కార్లు పెట్టి డ్రైవర్లతో తిప్పిస్తుంటే మాత్రం కష్టం. రోజువారీ ట్రిప్ షీట్లు, యాప్ ఆదాయం స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, పోయిన ఆదాయం అడగాలన్నా అవే ఆధారం.

కారు పోయి నెలలైంది. ట్రాఫిక్ చలాన్లు ఇంకా నాకే వస్తున్నాయి!

ఆర్‌సీ మీ పేరు మీదే ఉంది కాబట్టి. మీరు ఆర్‌సీ ఇవ్వకపోతే ఫైనాన్స్ సంస్థ మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ కింద తన పేరు మీద కొత్త ఆర్‌సీ తీసుకోవచ్చు. దానికి ముందు మీ అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఆర్టీఓ మీకివ్వాలి. ఆ నోటీసు వస్తే జవాబివ్వండి. ఈలోగా, ఫలానా తేదీ నుంచి బండి నా దగ్గర లేదని ఆర్టీఓకి, బ్యాంకుకి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పెట్టండి. చలాన్ల సంగతి చిన్నదే. ఆ బండి ఏదైనా యాక్సిడెంట్ చేస్తే ఈ తేదీయే మీకు రక్ష.

నేను షూరిటీ సంతకం పెట్టినవాడిని. నన్నెందుకు అడుగుతున్నారు?

కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం. ముందు ఆయన్ని అడిగి తర్వాత నా దగ్గరికి రండి అనడం సాధారణంగా కుదరదు. అమ్మకం నోటీసు, లెక్కలు అడిగే హక్కు మాత్రం మీకూ ఉంది.

జైల్లో పెట్టిస్తామని బెదిరిస్తున్నారు. టెన్షన్‌గా ఉంది.

ఈఎంఐ కట్టలేకపోవడం నేరం కాదు. కానీ చెక్కు గానీ, ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే మాండేట్ గానీ బౌన్స్ అయితే క్రిమినల్ కేసు వేయడానికి చట్టంలో దారి ఉంది. దానికి ముందు నోటీసు వస్తుంది, అందిన 15 రోజుల్లో కట్టే అవకాశం ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చే "అరెస్ట్ వారెంట్" బొమ్మలు చూసి భయపడకండి. ఫైనాన్స్ బండిని దొంగచాటుగా అమ్మేసినా, విడిభాగాలు తీసేసినా మాత్రం నిజంగానే కేసు అవుతుంది.

సెటిల్‌మెంట్ కట్టేశాను. ఇంకేం తీసుకోవాలి?

ఎంతకి, ఏ తేదీలోపు అన్నది ఉన్న సెటిల్‌మెంట్ లెటర్ డబ్బు కట్టకముందే తీసుకోవాలి. కట్టాక నో డ్యూస్ (బాకీ లేదన్న) సర్టిఫికెట్, మీరిచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి, మాండేట్ రద్దు చేసినట్టు కాగితం అడగండి. కారు మీ దగ్గరికే తిరిగొచ్చి ఉంటే ఆర్‌సీలో హైపోతికేషన్ (లోన్ ఇచ్చిన సంస్థ పేరిట ఉన్న తాకట్టు నమోదు) తీయించడానికి ఫారం 35, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఆ సంస్థ ఇచ్చే పత్రం) కావాలి. వ్యక్తిగత అవసరాలకు తీసుకున్న లోన్లలో, పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు ఇచ్చి తాకట్టు నమోదు తీసేయాలని, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలని 2023లో ఆర్బీఐ చెప్పింది. సిబిల్ క్రెడిట్ రిపోర్టులో తగ్గించి కట్టిన లోన్ "సెటిల్డ్" అని కనిపిస్తుంది, "క్లోజ్డ్" అని కాదు. మొత్తం కట్టినా "సెటిల్డ్" అనో, "రైటాఫ్" (రాని బాకీగా కొట్టేసినది) అనో ఉంటే సరిచేయమని ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం వస్తుంది.